ఉంగరానికి వజ్రం కొంటున్నారా? రాయి నాణ్యత చూసే వరుస ఇదీ

"వీవీఎస్, ఈఎఫ్ అంటున్నారు. తీసుకోవచ్చా?" వజ్రపు ఉంగరం కొనబోయే వాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. ఆ రెండు ముక్కలతో జవాబు చెప్పడం కుదరదు. ఈఎఫ్ అంటే రంగు, వీవీఎస్ అంటే లోపల మచ్చల లెక్క, అంటే క్లారిటీ. రాయి వేలికి పెట్టుకున్నాక మెరుస్తుందా, గాజు ముక్కలా పడి ఉంటుందా అన్నది ఆ రెండింటిలో ఎక్కడా లేదు. దాన్ని తేల్చేది కట్, అంటే రాయిని సాన పట్టిన తీరు. మన నగల షాపుల్లో అన్నిటికంటే తక్కువగా వినిపించే మాట కూడా అదే.

కాబట్టి ఇక్కడ వరుస కాస్త వేరుగా ఉంటుంది. ముందు కాగితం, అంటే ల్యాబ్ సర్టిఫికెట్, తర్వాత కట్, ఆ తర్వాతే రంగు, మచ్చలు, బరువు. ఒంటిరాయి ఉంగరం, గుండ్రటి వజ్రం, 30 సెంట్ల నుంచి 1 కేరట్ (100 సెంట్లు) మధ్య బరువు అనుకుని రాశాను. ఎక్కువ మంది కొనేది అదే. చిన్న రాళ్ల ఉంగరాలకు, వేరే ఆకారాలకు వర్తించే తేడాలు విడిగా చెప్పాను.

1. షాపుకు వెళ్లకముందే తేల్చుకోవాల్సినవి

బడ్జెట్ మొత్తాన్ని రాయికే కేటాయించలేరు. అందులోంచి బంగారం ధర, మజూరీ, 3 శాతం జీఎస్టీ ముందే తీసేయండి. మిగిలిందే రాయి బడ్జెట్. ఈ లెక్క ఇంట్లో వేసుకుంటే కౌంటర్ దగ్గర "ఇంకో పాతిక వేలు వేసుకోండి సార్" అన్నప్పుడు తడబడరు.

బంగారం పసుపుదా, తెల్లదా, ప్లాటినమా అన్నది కూడా ముందే అనుకోండి. రాయికి ఎంత రంగు గ్రేడు అవసరమో దాన్నిబట్టే తేలుతుంది.

వేలి కొలత సాయంత్రం పూట తీయించుకోండి. పొద్దున్నే, ఏసీ గదిలో తీసిన కొలత ఎండాకాలం మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది. ఉంగరం వేలి కణుపు దాటి లోపలికి వెళ్లాలి, దానంతట అది జారి బయటికి రాకూడదు.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- 10 రెట్లు పెద్దగా చూపించే లూప్, అంటే నగలవాళ్లు కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం. షాపులోనూ ఉంటుంది, కానీ సొంతది ఉంటే ఇంట్లోనే చూడటం అలవాటు చేసుకోవచ్చు
- గీతలు లేని తెల్ల కాగితం లేదా విజిటింగ్ కార్డు
- కళ్లద్దాలు తుడుచుకునే మెత్తటి గుడ్డ
- ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్, బంగారం హాల్‌మార్క్ సరిచూసుకోవడానికి
- రాయి బడ్జెట్ రాసుకున్న చీటీ

2. సహజ వజ్రమా, ల్యాబ్ వజ్రమా?

రెండూ వజ్రాలే. రెండూ కార్బన్, రెండింటి గట్టిదనం ఒకటే. ల్యాబ్‌లో తయారైనదాన్ని కంటితో గానీ లూప్‌తో గానీ కనిపెట్టలేరు. అనుభవమున్న వ్యాపారికి కూడా యంత్రం కావాలి. షాపులో పెన్నులాంటి టెస్టర్ రాయికి ఆనించి, కూత రాగానే "చూశారా, ఒరిజినల్" అంటారు. ఆ టెస్టర్ చూసేది రాయి వేడిని ఎంత త్వరగా లాగుతుందన్నది మాత్రమే. ల్యాబ్ వజ్రానికీ అది అలాగే కూస్తుంది. మోయిసనైట్ అనే వేరే రాయి కూడా పాతరకం టెస్టర్లను బోల్తా కొట్టిస్తుంది.

ఏది కొనాలన్నది మీ ఇష్టం. ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి. ల్యాబ్ వజ్రాల ధరలు ఈ కొన్నేళ్లలో బాగా పడిపోయాయి. తిరిగి అమ్మితే చేతికొచ్చేది చాలా తక్కువ. పెట్టుకోవడానికే అయితే అదే డబ్బుకు పెద్ద రాయి వస్తుంది. పిల్లలకు ఆస్తిగా ఉంటుందన్న లెక్కతో మాత్రం దాన్ని కొనకండి. ఆ మాటకొస్తే సహజ వజ్రం కూడా బంగారంలా రోజు ధరకు అమ్ముడుపోయే వస్తువు కాదు.

ల్యాబ్ రాయి తీసుకుంటే సర్టిఫికెట్‌లో కనిపించని ఒక చిక్కు ఉంది. సీవీడీ పద్ధతిలో పెరిగిన కొన్ని రాళ్లకు లేత గోధుమ ఛాయ, హెచ్‌పీహెచ్‌టీ పద్ధతిలో పెరిగిన కొన్నింటికి లేత నీలం ఛాయ ఉంటుంది. కాగితం మీద మంచి గ్రేడే ఉండొచ్చు. పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే మాత్రం దొరికిపోతుంది.

3. సర్టిఫికెట్ చదవడం

షాపు తన లెటర్‌హెడ్ మీద ఇచ్చే కార్డును సర్టిఫికెట్ అనుకోకండి. రాయిని అమ్మేవాళ్లు కాకుండా వేరే ల్యాబ్ పరీక్షించి ఇచ్చిన రిపోర్టు కావాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి జీఐఏ, ఐజీఐ, ఎస్‌జీఎల్ అనే ల్యాబ్‌ల రిపోర్టులు. సహజ ఒంటిరాయికి, ముఖ్యంగా అర కేరట్ దాటితే, నా ఓటు జీఐఏకే. ల్యాబ్ వజ్రాలకు ఎక్కువగా ఐజీఐ రిపోర్టులే కనిపిస్తాయి. జీఐఏ 2025 అక్టోబరు నుంచి ల్యాబ్ వజ్రాలకు పాత పద్ధతిలో రంగు, క్లారిటీ గ్రేడులు ఇవ్వడం మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండు తరగతులే పెట్టింది.

రెండు వేర్వేరు ల్యాబ్‌ల కాగితాలు పక్కపక్కన పెట్టి "ఇదీ జి రంగు, అదీ జి రంగు, కానీ ఇది చవక" అనుకోవద్దు. అన్ని ల్యాబ్‌లూ ఒకే పట్టుతో గ్రేడు ఇవ్వవు. పోలిక ఎప్పుడైనా ఒకే ల్యాబ్ రాళ్ల మధ్యే.

కాగితం చేతికి రాగానే ఈ వరుసలో చూడండి:

- రిపోర్టు నంబరును మీ ఫోన్‌లోనే ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టండి. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను నమ్ముకోకండి, సైట్ పేరు మీరే టైప్ చేయండి
- సహజమా, ల్యాబ్‌దా అన్న మాట. ఐజీఐ ల్యాబ్ వజ్రాల రిపోర్టు నంబరు ఎల్‌జీ అక్షరాలతో మొదలవుతుంది
- రాయి కొలతలు మిల్లీమీటర్లలో
- కట్, పాలిష్ (ముఖాల నునుపు), సిమెట్రీ (ముఖాల పొందిక) అనే మూడు గ్రేడులు
- ఫ్లోరసెన్స్ (అదేమిటో రంగు భాగంలో చెప్పాను)
- చివర్లో చిన్న అక్షరాల్లో ఉండే కామెంట్స్. అందరూ వదిలేసేది ఇదే, అసలు కబుర్లన్నీ ఉండేదీ ఇక్కడే

కామెంట్లలో లేజర్ డ్రిల్లింగ్ అని ఉంటే మచ్చను తీయడానికి రాయికి సన్నటి రంధ్రం వేశారన్నమాట. రంగు మార్చడానికి శుద్ధి చేసి ఉంటే అదీ అక్కడే రాస్తారు. అలాంటి రాయిని మామూలు రాయి ధరకు తీసుకోకండి. పగుళ్లలో గాజులాంటి పదార్థం నింపిన రాళ్లకు జీఐఏ రిపోర్టే ఇవ్వదు. కాబట్టి పెద్ద రాయి చవకగా వస్తూ కాగితం మాత్రం లేదంటే లేచి వచ్చేయండి.

4. కట్: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

కట్ అంటే ఆకారం కాదు. రాయిని ఏ కోణాల్లో సాన పట్టారన్నది. కోణాలు సరిగ్గా కుదిరితే పైనుంచి లోపలికి వెళ్లిన వెలుగు అడుగున తగిలి మళ్లీ పైకే వస్తుంది. అడుగు మరీ లోతుగా ఉన్నా, మరీ పల్చగా ఉన్నా వెలుగు పక్కలనుంచో కిందనుంచో జారిపోతుంది.

గుండ్రటి సహజ రాయి జీఐఏ రిపోర్టులో కట్ ఎక్సలెంట్ ఉండాలి. పాలిష్, సిమెట్రీ కూడా ఎక్సలెంటే అయితే వ్యాపారులు ట్రిపుల్ ఎక్స్ అంటారు. దాంతో ఆగిపోకండి. ఎక్సలెంట్ గ్రేడు పరిధి చాలా వెడల్పు. అందులో అద్భుతమైన రాయీ ఉంటుంది, అంతంతమాత్రం రాయీ ఉంటుంది. వడపోతకు ఈ అంకెలు పనికొస్తాయి:

- టేబుల్, అంటే పైన ఉండే చదునైన ముఖం: 54 నుంచి 58 శాతం
- మొత్తం లోతు: 60 నుంచి 62.5 శాతం
- క్రౌన్ కోణం, అంటే పై భాగం వాలు: 34 నుంచి 35 డిగ్రీలు
- పెవిలియన్ కోణం, అంటే అడుగు భాగం వాలు: 40.6 నుంచి 41 డిగ్రీలు
- గర్డిల్, అంటే రాయి నడుము అంచు: థిన్ నుంచి స్లైట్లీ థిక్ మధ్యలో
- క్యూలెట్, అంటే అడుగు కొన మీది చిన్న ముఖం: నన్ (లేదు)

క్రౌన్, పెవిలియన్ కోణాలను జంటగా చూడాలి. ఒకటి కాస్త ఎక్కువైతే రెండోది కాస్త తక్కువ ఉండాలి. రెండూ ఎక్కువ వైపే ఉంటే, కాగితం మీద ఎక్సలెంట్ ఉన్నా, రాయి మధ్యలో మసకగా కనిపించే ప్రమాదం ఉంది.

ఈ కోణాలు కాగితంలో లేకపోతే కొలతలే సాక్ష్యం. బాగా కోసిన 1 కేరట్ గుండ్రటి వజ్రం వ్యాసం దాదాపు 6.4 నుంచి 6.5 మిల్లీమీటర్లు. అదే 1 కేరట్ రాయి 6.2 మాత్రమే ఉందంటే బరువంతా అడుగున దాచారు. పైనుంచి అది 90 సెంట్ల రాయిలా కనిపిస్తుంది, మీరు కట్టేది మాత్రం కేరట్ ధర. అర కేరట్‌కు సుమారు 5.1, 70 సెంట్లకు 5.7, 30 సెంట్లకు 4.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఈ నాలుగు అంకెలు చీటీ వెనక రాసుకోండి.

ఇక కంటితో చూసేటప్పుడు రెండు దోషాలు దొరుకుతాయి. రాయి నడిమధ్యలో నల్లటి గుండ్రటి మచ్చలా కనిపిస్తే అది మరీ లోతైన రాయి. టేబుల్ లోపల చుట్టూ తెల్లటి ఉంగరం లాంటి గీత, చేప కన్నులా కనిపిస్తే మరీ పల్చటిది. సేల్స్‌మన్ ఎంత డిస్కౌంట్ ఇచ్చినా ఈ రెండూ వద్దు.

"ఇది బెల్జియం కట్టింగ్ అండీ" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రపంచంలో కోసే వజ్రాల్లో, సంఖ్య లెక్కన, అత్యధిక భాగం సూరత్‌లోనే తయారవుతాయి. ఊరి పేరు ఏదైతేనేం, పై అంకెలు సరిపోతున్నాయా లేదా అని అడగండి.

5. రంగు

గ్రేడులు డి నుంచి జెడ్ వరకు. డి, ఇ, ఎఫ్ అంటే రంగు లేనివి. జి నుంచి జె వరకు దాదాపు లేనివి. కె నుంచి పసుపు ఛాయ మెల్లగా కనబడటం మొదలవుతుంది. పక్కపక్క గ్రేడుల మధ్య తేడా ల్యాబ్‌లో, పోల్చి చూసే రాళ్లు పెట్టుకుంటేనే తెలుస్తుంది. వేలి మీద ఉన్న రాయి ఎఫ్ఫా, జియా అని పెళ్లి భోజనాల దగ్గర ఎవరూ చెప్పలేరు.

పసుపు బంగారంలో పెట్టించుకుంటుంటే హెచ్, ఐ చాలు. చుట్టూ ఉన్న బంగారం రంగే రాయిలోకి వస్తుంది కాబట్టి డి రాయి కొని అందులో పెట్టడం డబ్బు దండగ. తెల్ల బంగారం, ప్లాటినం అయితే ఎఫ్ నుంచి హెచ్ మధ్య చూడండి. కట్ బాగుంటే మెరుపులో ఒక గ్రేడు రంగు కలిసిపోతుంది.

రంగును పైనుంచి చూడకూడదు. కాగితాన్ని మధ్యకు మడిచి, ఆ మడతలో రాయిని బోర్లించి, పక్కనుంచి చూడాలి. ఎండ నేరుగా పడని పగటి వెలుతురు ఉండాలి.

ఫ్లోరసెన్స్ అంటే అతినీలలోహిత కాంతిలో రాయి వెలగడం. జీఐఏకు వచ్చే వజ్రాల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఈ గుణం ఎంతో కొంత ఉన్నవే. ఎక్కువగా నీలంగా వెలుగుతాయి. ఫెయింట్ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. స్ట్రాంగ్, వెరీ స్ట్రాంగ్ అని ఉంటే రాయిని ఆరుబయట పట్టుకుని చూడండి. పాలు కలిపినట్టు మసకగా కనిపిస్తే వదిలేయండి, తేటగా ఉంటే ధర తగ్గించమనండి. కొన్ని పాత కొట్లలో ఇలాంటి రాయినే బ్లూ జాగర్ అని పేరు పెట్టి ఎక్కువ ధరకు చూపిస్తారు. కాగితంలో ఫ్లోరసెన్స్ గడి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

6. క్లారిటీ

పై నుంచి కిందికి ఎఫ్ఎల్, ఐఎఫ్, వీవీఎస్1, వీవీఎస్2, వీఎస్1, వీఎస్2, ఎస్ఐ1, ఎస్ఐ2, ఐ1, ఐ2, ఐ3. ఈ గ్రేడులు 10 రెట్ల భూతద్దం కింద ఇచ్చేవి. వీవీఎస్ మచ్చలు నిపుణులకే లూప్‌లో కష్టంగా దొరుకుతాయి. వీఎస్‌లో ఉన్నవి మామూలు కంటికి కనబడవు. అంటే వీవీఎస్‌కు కట్టే అదనపు డబ్బు మీకు కనిపించని తేడాకే కడుతున్నారు. ఆ డబ్బును కట్ వైపు మళ్లించండి.

అర కేరట్ నుంచి కేరట్ దాకా వీఎస్2 హాయిగా సరిపోతుంది. ఎస్ఐ1లో కూడా కంటికి శుభ్రంగా కనిపించే రాళ్లు దొరుకుతాయి, ఓపిగ్గా వెతకాలి. రాయిని ముఖానికి 25, 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, పైనుంచి చూస్తే ఏ మచ్చా కనబడకూడదు. అదే పరీక్ష.

గ్రేడు ఒకటే అయినా మచ్చ ఎక్కడుందన్నది ముఖ్యం. టేబుల్ కింద నడిమధ్యలో ఉన్న నల్ల చుక్క ఎప్పుడూ కంటిని లాగుతుంది. అదే చుక్క అంచున ఉంటే సెట్టింగ్ గోటి, అంటే రాయిని పట్టుకునే బంగారు కొస, కింద దాగిపోతుంది. కాగితంలో రాయి బొమ్మ ఉంటే ఎర్ర గుర్తులు లోపలి మచ్చలు, ఆకుపచ్చవి పైపైన ఉన్న గీతలు. చిన్న రాళ్లకు ఇచ్చే జీఐఏ డోసియర్‌లో ఈ బొమ్మ ఉండదు. అప్పుడు లూప్ పట్టాల్సిందే.

రెండు జాగ్రత్తలు. నడుము అంచు దాకా వచ్చిన పగులు ఉంటే వద్దు. వజ్రం గీతలకు లొంగదు గానీ, సరైన చోట దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది. ఇక ఎస్ఐ రాయి కామెంట్లలో, గ్రేడు ఇచ్చింది బొమ్మలో చూపని క్లౌడ్స్ (సన్నటి చుక్కల గుంపులు) ఆధారంగా అన్న అర్థంలో వాక్యం ఉంటే ఆ రాయి మొత్తం మసకగా ఉండే అవకాశం ఎక్కువ.

జాతకం ప్రకారం శుక్రుడికి వజ్రం పెట్టుకునేవాళ్లు మచ్చ లేని రాయే కావాలంటారు. అలాంటివాళ్లు పూజారి గారినో, జ్యోతిష్యుడినో ముందే అడిగి ఏ గ్రేడు దాకా ఒప్పుకుంటారో తేల్చుకోండి. కొన్నాక అడిగితే ఆయన వద్దంటారు, షాపువాళ్లు వెనక్కి తీసుకోవడం కుదరదంటారు. రాయి అచ్చివస్తుందో లేదో చూడటానికి కొన్నాళ్లు ఉంచుకునే వీలు షాపు ఇస్తుందా అన్నదీ ముందే మాట్లాడుకోవాలి.

7. బరువు

1 కేరట్ అంటే 0.2 గ్రాము, 100 సెంట్లు. బరువు పెరిగేకొద్దీ ఒక్కో కేరట్ ధర కూడా పెరుగుతుంది. అందుకే 1 కేరట్ రాయి ధర రెండు అర కేరట్ రాళ్ల ధర కంటే చాలా ఎక్కువ.

30, 50, 70, 90 సెంట్లు, 1 కేరట్ దగ్గర ధర మెట్టు ఎక్కినట్టు పెరుగుతుంది. 50 బదులు 47, కేరట్ బదులు 96 సెంట్ల రాయి అడగండి. వ్యాసంలో తేడా గోరు మీది గీతంత కూడా ఉండదు, ధరలో ఉంటుంది. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. సరిగ్గా 1.00, 0.50 బరువున్న రాళ్లలో కొన్నింటిని ఆ అంకె కోసమే లావుగా కోస్తారు. అలాంటప్పుడు వ్యాసం తప్పక చూడండి.

8. కౌంటర్ దగ్గర రాయిని చూసే పద్ధతి

హైదరాబాద్ పంజాగుట్ట షోరూమైనా, ప్రొద్దుటూరు బజారులో కొట్టయినా దీపాలు మాత్రం ఒకటే. నెత్తిమీద చిన్న చిన్న స్పాట్ లైట్లు. వాటి కింద ఐదు వందల రూపాయల అమెరికన్ డైమండ్ కూడా జిగేల్‌మంటుంది.

1. వీలైతే విడి రాయినే చూపించమనండి. ఉంగరంలో బిగించాక రంగు, క్లారిటీ ఖచ్చితంగా చెప్పలేం.

2. ఒకే బరువువి మూడు రాళ్లు పక్కపక్కన పెట్టించుకోండి. ఒక్క రాయినే చూస్తే ఏదైనా బాగానే ఉంటుంది.

3. గుడ్డతో తుడిచాకే చూడండి. వేలిముద్ర జిడ్డు కూడా మసకలా, మచ్చలా కనిపిస్తుంది.

4. ముందు వట్టి కంటితో. ట్రేని స్పాట్ లైట్ కిందనుంచి పక్కకు జరిపించి, మీ అరచేతి నీడలో పెట్టి మెల్లగా అటూ ఇటూ వంచండి. నీడలో కూడా బతికున్నట్టు మెరిసే రాయిని పక్కన పెట్టుకోండి. తర్వాత గుమ్మం దగ్గరికో కిటికీ దగ్గరికో తీసుకెళ్లి చూడనివ్వమనండి. ఒక సేల్స్‌మన్ తోడు వస్తాడు, దానికి మొహమాటం అక్కర్లేదు.

5. తర్వాత లూప్. దాన్ని కంటికి దాదాపు ఆనించి, పట్టుకున్న చెయ్యి చెంపకు ఆనించండి. రెండు మోచేతులూ కౌంటర్ మీద. రెండో చేత్తో పట్టకారుతో రాయిని దగ్గరికి తెస్తూ ఉంటే సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో అది స్పష్టమవుతుంది. రెండో కన్ను మూయకండి, త్వరగా అలసిపోతారు. ముందు టేబుల్‌లోంచి లోపలికి చూడండి. తర్వాత గడియారం ముల్లు తిరిగినట్టు చుట్టూ అంచు ముఖాలు. ఆ తర్వాత రాయిని నిలబెట్టి నడుము అంచు. చాలా రాళ్లకు అక్కడే లేజర్‌తో చెక్కిన రిపోర్టు నంబరు ఉంటుంది. వెంట్రుక కంటే సన్నగా ఉండే అంకెలవి. మొదటిసారి దొరక్కపోతే సేల్స్‌మన్‌ను వెతికిపెట్టమనండి, కానీ చదవడం మీరే చదవండి.

లూప్‌లో అడుగు ముఖాల గీతలు ఒక్కొక్కటి రెండేసిగా కనిపిస్తే అది మోయిసనైట్ కావచ్చు. రాయి మీద ఊదితే ఆవిరి వెంటనే పోవాలని చెప్పే పరీక్ష గురించి కూడా చాలామంది అడుగుతారు. దాంతో ల్యాబ్ వజ్రం బయటపడదు కాబట్టి మీ పనికి రాదు.

9. చిన్న రాళ్ల ఉంగరాలు, వేరే ఆకారాలు

ఏడు చిన్న రాళ్లు దగ్గరగా పొదిగి ఒక్క పెద్ద రాయిలా కనిపించేలా చేసిన ఉంగరాలు ఉన్నాయి. అందంగానే ఉంటాయి. ఆ ఏడూ కలిపి 1 కేరట్ అయినా ధర మాత్రం ఒక్క 1 కేరట్ రాయి ధరలో చిన్న భాగమే ఉండాలి. ట్యాగ్ మీద కేరట్ పక్కన రాళ్ల సంఖ్య కూడా చూడండి. చిన్న రాళ్లకు విడివిడిగా రిపోర్టులు ఉండవు, నగ మొత్తానికి ఒకటే ఉంటుంది. గ్రేడు కూడా ఈఎఫ్, జీహెచ్ అని జంటగానే ఇస్తారు. అందుకే ఇలాంటి ఉంగరాల్లో కాగితం కంటే అన్ని రాళ్లూ ఒకే రంగులో ఉన్నాయా, ఏదైనా నల్లగా చచ్చినట్టు కనిపిస్తోందా అని చూడటం మేలు.

ఓవల్, పేర్, మార్కీజ్ ఆకారాల్లో మధ్యలో అడ్డంగా బో టై లాంటి నల్లటి నీడ వస్తుంది. కొంచెం ఉండటం మామూలే. రాయిని వంచినా చెరగకుండా నల్లగా ఉంటే వద్దు. ప్రిన్సెస్ లాంటి చతురస్రం రాయికి మూలలే బలహీనం, నాలుగు మూలలనూ కప్పే వీ ఆకారపు గోళ్లు ఉండాలి.

10. సెట్టింగ్

రోజూ పెట్టుకునే ఉంగరానికి 18 కేరట్ల బంగారం మంచిది. 22 కేరట్లది మెత్తన, రాయిని పట్టుకున్న గోళ్లు త్వరగా వదులవుతాయి. నాలుగు గోళ్ల కంటే ఆరు భద్రం. ఇంటి పనీ వంట పనీ చేసే చేతికి, బండి నడిపే చేతికి రాయి చుట్టూ బంగారం అంచు వచ్చే బెజెల్ ఇంకా నయం.

సెట్టింగ్ అడుగు తెరిచి ఉండేలా చేయించుకోండి. వెనక మూసేసిన పాతకాలం పద్ధతిలో రాయి వెనక ఏముందో కనిపించదు, మురికి చేరితే తీయలేరు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో విడి రాయి కొని, ఇక్కడి కంసాలి దగ్గర ఉంగరం చేయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కస్టమ్స్ నిబంధనలు ముందే చూసుకోండి. రాయి ఇచ్చేటప్పుడు బరువు, రిపోర్టు నంబరు రాసిన రసీదు తీసుకోండి. గోళ్లు ఆ నంబరు మీద పడకుండా బిగించమని చెప్పండి. ఉంగరం తీసుకునేటప్పుడు మళ్లీ చదవాల్సింది దాన్నే.

11. బిల్లు

బంగారం మీద హాల్‌మార్క్ ఉండాలి. బీఐఎస్ గుర్తు, 18కె750 లాంటి స్వచ్ఛత, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ. ఆ కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. 2 గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది. హాల్‌మార్క్ బంగారానికే గానీ వజ్రానికి కాదు. "హాల్‌మార్క్ ఉందిగా" అన్నది రాయి గురించిన జవాబు కాదు.

బరువు లెక్క ఇలా చూడాలి. ఉంగరం మొత్తం 4.250 గ్రాములు, రాయి అర కేరట్ అనుకుందాం. రాయి బరువు 0.100 గ్రాము. బంగారానికి డబ్బు 4.150 గ్రాములకే కట్టాలి. గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే తేడా 1,000. ఉంగరంలో చిన్న మొత్తమే. అదే 10 కేరట్ల వజ్రాలున్న నెక్లెస్‌లో 2 గ్రాములు, 20,000 రూపాయలు.

18 కేరట్ల నగకు 18 కేరట్ల రేటే వేయాలి. 24 కేరట్ల రేటులో అది ముప్పావు వంతు. గోడ మీద కనిపించే 22 కేరట్ల రేటు కాదు.

బిల్లులో రాతపూర్వకంగా ఉండాల్సినవి:

- రాయి బరువు, రంగు, క్లారిటీ, కట్, సహజమా ల్యాబ్‌దా, రిపోర్టు నంబరు
- మొత్తం బరువు, రాయి బరువు, బంగారం నికర బరువు
- బంగారం రేటు, మజూరీ లేదా తరుగు, జీఎస్టీ విడివిడిగా
- వెనక్కి తీసుకునే షరతులు. నగదుకు ఎంత శాతం, మార్పిడికి ఎంత, ఆ శాతం కొన్న ధర మీదా, అప్పటి ధర మీదా

డిస్కౌంట్ల దగ్గర ఒక మాట. "వజ్రం మీద 25 శాతం తగ్గింపు" అన్న బోర్డు చూసినప్పుడు తగ్గింపు వదిలేసి చివరి ధర అడగండి. అదే గ్రేడులు, అదే ల్యాబ్, దాదాపు అదే వ్యాసం ఉన్న రాయికి ఇంకో రెండు చోట్ల ధర కనుక్కుంటే ఆ పాతిక శాతం ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది.

12. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

*అక్షయ తృతీయ, ధనత్రయోదశి రద్దీలో రాయి ఎంచుకోవడం.* ఆ రోజు ఎవరూ మీకు మూడు రాళ్లు తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లరు. పది రోజుల ముందే ఎంచుకుని అడ్వాన్స్ ఇచ్చి, రసీదు మీద రిపోర్టు నంబరు రాయించుకోండి. మంచి రోజున డెలివరీ తీసుకోవచ్చు.

*క్లారిటీకి ఎక్కువ పెట్టి కట్‌లో రాజీపడటం.* ఇంకా బిల్లు కాకపోతే అదే ధరలో క్లారిటీ రెండు మెట్లు దించి, కట్ ఎక్సలెంట్ ఉన్న రాయి చూపించమనండి.

*కాగితం లేని పాత ఉంగరం ఇంట్లో ఉండటం.* రాయి పెద్దదైతే విప్పించి విడిగా ల్యాబ్‌కు పంపండి. ఉంగరంలో ఉండగా చేసే పరీక్షలో గ్రేడు అంచనాగానే వస్తుంది. విప్పేముందు బరువు తూచి, ఫోటో తీసి, రసీదు తీసుకోండి.

*కొన్నాక అనుమానం రావడం.* కొన్న షాపులోనే మళ్లీ పరీక్ష చేయించి ప్రయోజనం లేదు. ఇంకో ల్యాబ్‌లో చేయించి, తేడా వస్తే ఆ రిపోర్టు, బిల్లు జతచేసి షాపుకు రాతపూర్వకంగా ఇవ్వండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

13. డెలివరీ రోజు, ఆ తర్వాత

ఉంగరం చేతికి రాగానే లూప్‌లో లేజర్ నంబరు చదివి కాగితంతో సరిపోల్చండి. మీరు ఎంచుకున్న రాయే బిగించారా అన్నది తేలేది అక్కడే. గోళ్ల కొసలు రాయికి ఆని ఉన్నాయా, రాయి సమంగా కూర్చుందా చూడండి. ఉంగరాన్ని పలచటి గుడ్డ మీద మెల్లగా రుద్దితే దారం చిక్కుకుంటోందంటే ఏదో గోరు పైకి లేచి ఉంది. అక్కడే సరిచేయించుకోండి.

ఇంట్లో శుభ్రం చేయడానికి గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. రాయి అడుగు వైపే ఎక్కువ తోమాలి. వంటనూనె, క్రీముల జిడ్డు చేరేది అక్కడే. సింకు దగ్గర కాకుండా గిన్నెలో పెట్టి కడగండి. మిగతా నగలతో కలిపి ఒకే డబ్బాలో వేయకండి, వజ్రం వాటిని గీస్తుంది.

ఏడాదికోసారి షాపులో ఉంగరం గోళ్లు బిగింపించుకోండి. మధ్యలో అనుమానం వస్తే ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి. రాయి వదులైతే టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. అలా వినిపించిన ఉంగరాన్ని బిగించేదాకా వేలికి పెట్టుకోవద్దు.